ఆగస్టు నుంచి లోన్ ఈఎంఐ మొదలు, సర్టిఫికెట్లేమో ఇంకా కాలేజీలోనే. ముందు ఏది చూసుకోవాలి?

పేట_అమ్మాయి

అందరికీ నమస్తే. మాది సూర్యాపేట దగ్గర ఊరు. బీసీ-డి. నాన్న వ్యవసాయం, అమ్మ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. 2020 ఎంసెట్‌లో నా ర్యాంకు 30 వేలు దాటింది. కన్వీనర్ కోటాలో హైదరాబాద్ శివారులో ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ వచ్చింది. ఫీజు ఏడాదికి 85 వేలు. ర్యాంకు 10 వేల లోపు కాదు కాబట్టి రీయింబర్స్‌మెంట్ 35 వేలే. మిగతా 50 వేలు, హాస్టల్ ఖర్చు కలిపి ఏడాదికి లక్ష చొప్పున ఒక ప్రభుత్వ బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం. మొత్తం 4 లక్షలు. నాన్న కో-అప్లికెంట్. తాకట్టు ఏమీ పెట్టలేదు.

2024లో కోర్సు అయిపోయింది. ఏడాది పాటు ఖాళీగా తిరిగి, కోచింగులు తీసుకుని, ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో సపోర్ట్ జాబ్ వచ్చింది. చేతికి 22 వేలు. పీజీ హాస్టల్‌కు 7 వేలు పోతాయి.

మొన్న ఊరికి బ్యాంకు నుంచి లెటర్ వచ్చింది. బాకీ 5,44,000 అట, ఆగస్టు 10 నుంచి నెలకు 7,039 చొప్పున 120 నెలలు కట్టాలట. నాన్న అది చూసి అన్నం సరిగా తినలేదు. తీసుకున్నది 4 లక్షలైతే 5.44 ఎట్లా అయింది? పేదవాళ్లకు చదువుకునే రోజుల వడ్డీ కేంద్రమే కడుతుందని మా సీనియర్ ఒకామె చెప్పింది. నిజమేనా?

రెండోది. మూడో సంవత్సరం, నాలుగో సంవత్సరం రీయింబర్స్‌మెంట్ ఇంకా కాలేజీకి రాలేదు. ఆ 70 వేలు మమ్మల్నే కట్టి సర్టిఫికెట్లు తీసుకుపొమ్మంటున్నారు. ప్రొవిజనల్, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో), టీసీ, ఇంటర్ ఒరిజినల్స్ అన్నీ వాళ్ల దగ్గరే. కంపెనీ హెచ్ఆర్ సెప్టెంబర్ లోపు చూపించమంది.

మూడోది మా తమ్ముడు. ఈసారి ఎప్‌సెట్ రాశాడు, కౌన్సెలింగ్ నడుస్తోంది. వాడి ఫీజు లక్షకు దగ్గరగా ఉండేట్టుంది. ఒకే ఇంట్లో రెండో ఎడ్యుకేషన్ లోన్ ఇవ్వరని మేనేజర్ గారు అన్నారు. పీఎం విద్యాలక్ష్మిలో గ్యారంటీ లేకుండా వస్తుందని యూట్యూబ్‌లో చూశాను.

ఏది ముందు చెయ్యాలో అర్థం కావట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జై_మాఫీ

కట్టకు చెల్లె. ఎలక్షన్ల ముందు అన్నీ మాఫీ అయితయ్. మా ఊళ్లో ఒక్కడు కూడా కట్టలే.

రిటైర్డ్_ఫీల్డ్_ఆఫీసర్

పైన తమ్ముడు చెప్పింది విని చెయ్యకు తల్లీ. 2024లో తెలంగాణలో 2 లక్షల దాకా మాఫీ అయింది పంట రుణాలు. చదువు లోను అందులో లేదు. వాళ్ల ఊళ్లో కట్టనివాళ్ల సంగతి నేను చెప్తాను. వరుసగా 90 రోజులు వాయిదా కట్టకపోతే అకౌంట్ ఎన్‌పీఏ, అంటే మొండిబకాయి అవుతుంది. నీ సిబిల్ (అప్పు కట్టే తీరుకు వచ్చే స్కోరు) ఒక్కటే కాదు, కో-అప్లికెంట్ కాబట్టి మీ నాన్న సిబిల్ కూడా పోతుంది. ఆ తర్వాత మీ తమ్ముడి లోనుకు మీ నాన్న ఆధార్, పాన్ ఇచ్చి కూర్చుంటే, మేనేజర్ కంప్యూటర్‌లో ఒకసారి చూసి ఫైలు పక్కన పెడతాడు. పంట లోను రెన్యువల్‌కు వెళ్లినా ఇదే మాట వస్తుంది. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. మిర్యాలగూడ, కోదాడ, ఖమ్మం బ్రాంచీల్లో చదువు లోన్లు చూశాను. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

లెటర్ చూసి భయపడకు, అలాగని సంతకమూ పెట్టకు. ముందు ఆ 5.44 ఎలా వచ్చిందో లెక్క చూడాలి.

చదువు లోన్‌లో కోర్సు కాలం, ఆ తర్వాత ఏడాది కలిపి మారటోరియం, అంటే ఈఎంఐ కట్టనక్కర్లేని కాలం. ఆ రోజుల్లో వడ్డీ పడుతుంది, కానీ సాధారణ వడ్డీ పడాలి. వడ్డీ మీద వడ్డీ పడకూడదు. మారటోరియం అయ్యాక ఆ వడ్డీ మొత్తాన్ని అసలుకు కలిపి ఈఎంఐ కడతారు. నీ డబ్బు నాలుగు విడతలుగా వచ్చి ఉంటుంది. 2020 బ్యాచ్‌కు కరోనా వల్ల అడ్మిషన్లే ఆలస్యమయ్యాయి కాబట్టి మొదటి లక్ష 2021 జనవరి అనుకుందాం. మిగతావి 2021 డిసెంబర్, 2022 నవంబర్, 2023 అక్టోబర్ అనుకుంటే, సగటున 9.5 శాతం మీద సాధారణ వడ్డీ 1,22,000 చుట్టుపక్కల రావాలి. అంటే బాకీ 5,22,000 దగ్గర ఉండాలి. అదే నెలనెలా చక్రవడ్డీ వేసుకుంటూ పోతే 5,44,000 వస్తుంది. నీ లెటర్‌లో ఉన్న అంకె చూస్తే నాకు అనుమానంగా ఉంది. రేటు మధ్యలో మారి ఉంటుంది, 2022 మే నుంచి రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు 4 నుంచి 6.5కు ఎక్కి, 2025 ఫిబ్రవరి నుంచి దిగి ఆ జూన్‌కల్లా 5.5కు వచ్చింది. అందుకని ఊరికే అంకె చూసి పోట్లాడకు. స్టేట్‌మెంట్ తీసుకుని ఒక నెల చూడు.

ఎలా చూడాలో చెప్తాను. 2023 మార్చి తీసుకో. అప్పటికి నీకు వచ్చింది 3 లక్షలు. ఆ నెల రేటు 9.5 ఉంటే, 3,00,000 ను 9.5 తో గుణించి 100 తో భాగించు. దాన్ని 31 తో గుణించి 365 తో భాగించు. 2,420 వస్తుంది. ఆ నెల స్టేట్‌మెంట్‌లో వడ్డీ డెబిట్ 2,420 ఉంటే లెక్క సరే. అంతకంటే బాగా ఎక్కువ ఉంటే అప్పటిదాకా పడిన వడ్డీని కూడా అసలులో కలిపి వడ్డీ వేస్తున్నారన్నమాట. సిస్టమ్‌లో అకౌంట్ తెరిచినప్పుడు ఒక్క గడి తప్పు పెడితే ఇలా అవుతుంది. ఎవరూ కావాలని చెయ్యరు, కానీ ఎవరూ తమంతట తాము చూడరు కూడా.

ఇక మీ సీనియర్ చెప్పింది నిజమే. దాన్ని సీఎస్ఐఎస్ అంటారు, 2009 నుంచి ఉంది. కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షల లోపు ఉండి, న్యాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉన్నచోట టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సు చదివితే మారటోరియం కాలపు వడ్డీ మొత్తం కేంద్రం ఇస్తుంది. కేనరా బ్యాంక్ దీనికి నోడల్, అంటే అన్ని బ్యాంకుల క్లెయిములూ చూసేది అదే. మీ బ్యాంకు క్లెయిమ్ వేస్తే అక్కడి నుంచి డబ్బు మీ లోన్ అకౌంట్‌లో జమ పడుతుంది. మీ ఇంటి ఆదాయం సర్టిఫికెట్‌లో ఎంత ఉంది?

వచ్చిందనుకో, నీ బాకీ 4 లక్షలకు దిగుతుంది. అదే పదేళ్లకు ఈఎంఐ 5,180 లోపే. 7,039కీ దానికీ తేడా చూడు. అందుకే అంటున్నాను, ఈఎంఐ ఖరారు చేసే కాగితం మీద సంతకం పెట్టేముందే ఈ రెండూ అడగాలి.

పేట_అమ్మాయి

సార్, చాలా థాంక్స్. రీయింబర్స్‌మెంట్ కోసం తహసీల్దార్ ఆఫీసు నుంచి మీసేవలో తీసిన సర్టిఫికెట్‌లో 1,20,000 ఉంది. లోన్ అప్పుడు అదే జిరాక్స్ ఇచ్చాం. కాలేజీకి న్యాక్ ఉంది.

బ్యాంకు యాప్‌లో స్టేట్‌మెంట్ తీశాను. విడతల నెలలు మీరు అనుకున్నట్టే ఉన్నాయి. 2023 మార్చి 31న వడ్డీ 2,733 అని ఉంది. రేటు 9.50 అనే ఉంది. సబ్సిడీ అని ఎక్కడా జమ కనిపించలేదు. ఇది చూసి నాకు చేతులు వణికాయి.

రిటైర్డ్_ఫీల్డ్_ఆఫీసర్

వణకాల్సింది నువ్వు కాదు. 2,420 ఉండాల్సిన చోట 2,733 ఉంది, కాగితం నీ చేతిలో ఉంది.

ఇప్పుడు ఒక లెటర్ రాయి. తెలుగులోనైనా పర్వాలేదు. లోన్ అకౌంట్ నంబర్, మంజూరు తేదీ, నాలుగు విడతల తేదీలు వేసి రెండు విషయాలు మాత్రమే అడుగు. ఒకటి, మారటోరియంలో సాధారణ వడ్డీ లెక్కన తిరిగి లెక్కగట్టి సరిచెయ్యండి, ఉదాహరణకు 2023 మార్చి డెబిట్ చూడండి. రెండు, ఆదాయ సర్టిఫికెట్ లోన్ సమయంలోనే ఇచ్చాం, ఏయే సంవత్సరాలకు సీఎస్ఐఎస్ క్లెయిమ్ వేశారో రాతపూర్వకంగా చెప్పండి. కథ రాయకు. నాన్న కష్టాలు, నీ జీతం, ఏవీ వద్దు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద బ్రాంచి స్టాంపు, తేదీ, సంతకం వేయించుకో. స్టాంపు వెయ్యమంటే కొందరు మొహం చిట్లిస్తారు. అలా అయితే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో, బ్యాంకు వెబ్‌సైట్‌లో కంప్లైంట్ కూడా నమోదు చేసి ఆ నంబర్ రాసుకో.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరికి ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కానీ ముందు బ్యాంకుకు రాసిన రుజువు ఉండాలి, లేకపోతే వాళ్లు తిప్పి పంపుతారు. ఆ స్టాంపు కోసం నేను పట్టుబట్టేది అందుకే.

ఈలోగా ఆగస్టు 10 వస్తే ఈఎంఐ కట్టు. ఇది గట్టిగా చెప్తున్నాను. వివాదం ఉంది కదా అని ఆపితే నీ కేసే బలహీనపడుతుంది. లెక్క సరిచేశాక ఎక్కువ కట్టింది ఎటూ అసలులోకే పోతుంది.

కూకట్‌పల్లి_బెంచ్

సర్టిఫికెట్ల గురించి నేను చెప్తా అక్కా. నాది కూడా సేమ్ సీన్, వేరే కాలేజీ. అకౌంట్స్ సెక్షన్ కిటికీ దగ్గర ఒక నోటీసు అంటించి ఉండేది, "ఆర్‌టీఎఫ్ రాని విద్యార్థులు బకాయి చెల్లించి ఒరిజినల్స్ పొందగలరు" అని. ఆర్‌టీఎఫ్ అంటే ఫీజు రీయింబర్స్‌మెంటే. గవర్నమెంట్ నుంచి బిల్లుకు టోకెన్ పడింది కదా అంటే, టోకెన్ పడితే జీతాలు ఇవ్వగలమా అన్నారు. వాళ్ల బాధ వాళ్లది, నిజం చెప్పాలంటే. కానీ మనం ఎందుకు నలగాలి?

నేను చేసింది ఇది. ముందు హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టా. ఒరిజినల్స్ కాలేజీలో ఉన్నాయి, ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ పెండింగ్, పాసైనట్టు కాలేజీ లెటర్‌హెడ్ మీద లెటర్ తెస్తాను అని. హైదరాబాద్ కంపెనీల హెచ్ఆర్‌లకు ఈ ముచ్చట కొత్త కాదు, గడువు పెంచారు. అడగకుండా టెన్షన్ పడకు. మార్క్స్ మెమోలు డిజీలాకర్‌లో ఉన్నాయేమో కూడా చూడు.

తర్వాత కాలేజీకి రాతపూర్వకంగా అడిగా. ఒరిజినల్స్ పట్టి ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది, అది ప్రింట్ తీసి పెట్టా. కాపీ యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, ఉన్నత విద్యామండలికి పంపా. నోటితో అడిగితే ప్రిన్సిపాల్‌ను కలవమంటారు, ప్రిన్సిపాల్ చైర్మన్‌ను కలవమంటారు. కాగితం పెట్టాక కాలేజీ ఏఓ (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) పిలిచి, డబ్బు తర్వాత సర్దుకుంటాం, ఒక అండర్‌టేకింగ్ రాయి అన్నాడు. రాసిచ్చి ప్రొవిజనల్, సీఎంఎం తెచ్చుకున్నా. టీసీ ఇంకా అక్కడే ఉంది, దాని అవసరం పడలేదు.

మీ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంటుంది కదా, అక్కడ కూడా ఇవ్వొచ్చు. బీసీ సంక్షేమ శాఖకు పంపిస్తారు.

రిటైర్డ్_ఫీల్డ్_ఆఫీసర్

బాగా చెప్పావు బాబూ. ఒక్కటి కలుపుతాను. అండర్‌టేకింగ్‌లో "ప్రభుత్వం విడుదల చేయని పక్షంలో" అన్న మాట ఉండేలా చూసుకోండి. ఊరికే "70 వేలు చెల్లిస్తాను" అని రాసిస్తే రేపు ప్రభుత్వం ఇచ్చినా మీ సంతకం వాళ్ల దగ్గర అలాగే ఉంటుంది. ఏ దారీ లేక డబ్బే కట్టాల్సి వస్తే రసీదు మీద "ఆర్‌టీఎఫ్ జమ అయిన తర్వాత తిరిగి చెల్లించబడును" అని రాయించుకోవాలి. బ్లాంక్ చెక్కు మాత్రం ఇవ్వొద్దు.

తెనాలి_నాన్న

మా ఆంధ్రాలోనూ ఇదే గోల అమ్మా. మా పెద్దదానికి విద్యాదీవెన అప్పుడు డబ్బు మా ఆవిడ అకౌంట్‌లో పడేది, పడిన వారం పదిరోజుల్లో మేమే వెళ్లి కాలేజీలో కట్టేవాళ్లం. పడని త్రైమాసికానికి కాలేజీ వాళ్లు మమ్మల్ని అడిగేవారు. 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీకే ఇస్తామన్నారు. మధ్యలో పాత బకాయిలు ఎవరివి, ఎవరు కట్టాలి అని మేమూ కాలేజీ వాళ్లూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. హాల్ టికెట్ ఇవ్వం అన్నప్పుడు నేను వెళ్లి గొడవ పెట్టుకుంటే గానీ ఇవ్వలేదు.

నా సలహా ఒకటే. తమ్ముణ్ణి చేర్పించేటప్పుడు ఒరిజినల్స్ ఇచ్చేముందు అన్నిటికీ కలర్ జిరాక్సులు, స్కాన్లు తీయించండి, ఇచ్చినట్టు అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

పేట_అమ్మాయి

అందరికీ ధన్యవాదాలు. హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టాను, లెటర్ తెస్తే చాలన్నారు. కొంచెం ఊపిరి వచ్చింది.

తమ్ముడి సంగతి కూడా చెప్పండి సార్. వాడి ర్యాంకు 41 వేలు. వెబ్ ఆప్షన్లు పెట్టాలి.

రిటైర్డ్_ఫీల్డ్_ఆఫీసర్

ముందు మేనేజర్ చెప్పిన మాట. ఒకే ఇంట్లో రెండో లోను ఇవ్వకూడదన్న రూలు లేదు. బ్యాంకుల సంఘం ఐబీఏ తయారుచేసిన మోడల్ స్కీములోనే స్పష్టంగా ఉంది, అన్నకో అక్కకో లోను ఉన్నంత మాత్రాన రెండో పిల్లవాడి అర్హత పోదు. ఆ మేనేజర్ భయం వేరే. మొదటి లోను మొండిబకాయి అవుతుందేమో అని. నీ ఈఎంఐ టైముకు వెళ్తే ఆ భయం తీరుతుంది. కాదంటే కాదని కారణంతో సహా రాసిమ్మని అడుగు. తిరస్కరించాలంటే పై అధికారి సమ్మతి కావాలి, కాబట్టి రాసివ్వమంటే చాలామంది మళ్లీ ఆలోచిస్తారు. మీ ఇల్లు మా బ్రాంచి పరిధిలోకి రాదు అనడం కూడా కుదరదు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లికేషన్ పెడితే అది ఎక్కడ ఆగిందో నీకు కనిపిస్తుంది, పేపర్ అప్లికేషన్ సొరుగులోకి పోతే కనిపించదు.

పీఎం విద్యాలక్ష్మి వేరు. 2024 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. యూట్యూబ్ వాళ్లు సగం చెప్పి వదిలేస్తారు. అది అన్ని కాలేజీలకూ కాదు. కేంద్రం కాలేజీలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల ఆధారంగా తయారుచేసిన జాబితా, మొదట్లో 860 సంస్థలు. ఐఐటీలు, ఎన్ఐటీలు, పేరున్న యూనివర్సిటీలు అందులో ఉంటాయి. శివారు ప్రైవేటు కాలేజీ ఉండడం కష్టం. ఆదాయం 8 లక్షల లోపు వాళ్లకు 10 లక్షల లోను దాకా మారటోరియంలో 3 శాతం వడ్డీ రాయితీ, ఏడాదికి లక్ష మందికి. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పు గానీ వడ్డీ రాయితీ గానీ వస్తుంటే అది రాదు. మీ తమ్ముడికి రీయింబర్స్‌మెంట్ 35 వేలు వస్తుంది కాబట్టి మీకు దాని ఊసే అనవసరం. మామూలు చదువు లోను, దాని మీద సీఎస్ఐఎస్, ఇదే మీ దారి. 4 లక్షల దాకా మార్జిన్ మనీ (మన చేతి నుంచి పెట్టే వాటా) అక్కర్లేదు, తాకట్టు అక్కర్లేదు.

ఈసారి లోను ఇచ్చే రోజే ఆదాయ సర్టిఫికెట్ ఇచ్చి, కవరింగ్ లెటర్‌లో "సీఎస్ఐఎస్ నిమిత్తం" అని రాసి స్టాంపు వేయించు. నీ విషయంలో జరిగింది ఏమై ఉంటుందంటే, సర్టిఫికెట్ ఫైల్లో ఉంది గానీ ఎవరూ దాన్ని సిస్టమ్‌లో ఎక్కించలేదు. మేనేజర్లు మూడేళ్లకు ఒకసారి మారతారు, ఫైలు మాత్రం బీరువాలోనే ఉంటుంది.

ఈపాస్ (రీయింబర్స్‌మెంట్‌కు అప్లై చేసే వెబ్‌సైట్) సంగతికొస్తే, పల్లెలో బీసీలకు ఆదాయ పరిమితి 1.5 లక్షలు, పట్టణంలో 2 లక్షలు. మీది సరిపోతుంది. కొత్త ఆదాయ సర్టిఫికెట్ ఇప్పుడే మీసేవలో పెట్టండి, సీట్ అలాట్‌మెంట్ రోజుల్లో తహసీల్దార్ ఆఫీసు దగ్గర జాతరే. టెన్త్ మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందా చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా ఆగిపోయిన అప్లికేషన్లు చూశాను. బ్యాంకు అకౌంట్‌కు ఆధార్ సీడింగ్ ఉండాలి. వేలిముద్ర పడ్డాక హార్డ్ కాపీ కాలేజీలో ఇవ్వడం మరిచిపోతే ఆన్‌లైన్‌లో ఎంత చేసినా అది కదలదు. ఆ తర్వాత 75 శాతం హాజరు. క్రికెట్ అంటే ఇష్టమా మీవాడికి?

వెబ్ ఆప్షన్లలో ఫీజు కాలమ్ చూసి పెట్టండి. లక్షా పాతిక వేల ఫీజున్న కాలేజీకి, 75 వేల కాలేజీకి రీయింబర్స్‌మెంట్ ఒకటే, 35 వేలు. తేడా అంతా మీ ఇంటి మీద పడుతుంది. బిల్డింగు చూసి ఏడాదికి 50 వేలు ఎక్కువ పెట్టకండి.

డాలస్_గోదారోడు

అక్కా ఒక సలహా. ఏ కొంచెం మిగిలినా లోన్‌లో పడేసెయ్. నేను ఎంఎస్‌కు తెచ్చిన లోను నాలుగేళ్లలో క్లియర్ చేశా. పదేళ్లు బ్యాంకుకు వడ్డీ కట్టడం వేస్ట్. 80ఈ కింద ట్యాక్స్ కూడా తగ్గుతుంది.

రిటైర్డ్_ఫీల్డ్_ఆఫీసర్

డాలర్లలో జీతం తీసుకునే తమ్ముడి సలహా ఈమెకు సరిపడదు. 80ఈలో వడ్డీకి మినహాయింపు ఉన్న మాట నిజమే, పరిమితి కూడా లేదు, ఎనిమిదేళ్లు వస్తుంది. కానీ అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. నెలకు 22 వేల జీతానికి ఎటూ పన్నే లేదు. అది మరిచిపో తల్లీ.

నా అభిప్రాయం దీనికి తిరగబడి ఉంటుంది. పదేళ్లు కాదు, పదిహేనేళ్లు అడుగు. స్కీములో 15 ఏళ్ల దాకా ఉంది. బాకీ 4 లక్షలకు దిగిందనుకుంటే నెలకు 4,180 లోపు వస్తుంది. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు లోనుకు ముందే కట్టినందుకు పెనాల్టీ వెయ్యకూడదు, కాబట్టి చేతిలో ఉన్న నెల 6 వేలు కట్టు, లేని నెల 4,180 కట్టు. తప్పనిసరి అంకె చిన్నదిగా ఉంటే ఉద్యోగం పోయిన నెలలో కూడా ఊపిరాడుతుంది. ముందు మూడు నెలల ఖర్చు సేవింగ్స్‌లో పెట్టుకున్నాకే అదనంగా కట్టడం.

కూకట్‌పల్లి_బెంచ్

సార్, గౌరవంతోనే అంటున్నా, నాకు ఇది నచ్చలేదు. 15 ఏళ్లు పెట్టుకున్నవాళ్లు అదనంగా కట్టరు. ఫోన్ కొంటారు, బండి కొంటారు. 4 లక్షలకు పదేళ్లలో మొత్తం 6.2 లక్షలు పోతే, పదిహేనేళ్లలో 7.5 లక్షలు పోతాయి. నేనైతే పదేళ్లే తీసుకుంటా.

రిటైర్డ్_ఫీల్డ్_ఆఫీసర్

నీ లెక్క తప్పు కాదు బాబూ. మనిషిని బట్టి ఉంటుంది. ఈ అమ్మాయి వెనక తమ్ముడి ఫీజు కూడా ఉంది, అందుకని అలా చెప్పాను. ఇంకో దారి కూడా ఉంది. మొదటి రెండు మూడేళ్లు ఈఎంఐ తక్కువగా, తర్వాత జీతంతో పాటు పెరిగేలా పెట్టమని అడగొచ్చు, టెలిస్కోపిక్ అంటారు. స్కీములో ఉంది, బ్రాంచిలో అడిగేవాళ్లే లేరు.

డాలస్_గోదారోడు

సర్లెండి సార్. నాదో డౌట్. నా లోనుకు నాన్న ఇంటి కాగితాలు పెట్టాం. లోన్ క్లోజ్ చేసి రెండు నెలలు దాటింది, కాగితాలు హెడ్డాఫీసు నుంచి రావాలంటున్నారు.

రిటైర్డ్_ఫీల్డ్_ఆఫీసర్

2023 డిసెంబర్ 1 తర్వాత క్లోజ్ చేసుంటే 30 రోజుల్లో ఇవ్వాలి. దాటితే రోజుకు 5 వేలు వాళ్లే మీకు కట్టాలి, రిజర్వ్ బ్యాంక్ రూలు. ఆ మాట మెయిల్‌లో రాసి పంపు, కాగితాలకు కాళ్లొస్తాయి.

పేట_అమ్మాయి

అప్‌డేట్ ఇస్తున్నాను. నాన్నను తీసుకుని బ్రాంచికి వెళ్లాను. లెటర్ చూసి మొదట, అమ్మా సిస్టమ్ వేసే వడ్డీ మేం మార్చలేం అన్నారు. 2023 మార్చి లైను, మీరు చెప్పిన లెక్క పక్కపక్కన రాసి తీసుకెళ్లాను. లోన్ సెక్షన్‌లో ఒక మేడమ్ క్యాలిక్యులేటర్ తీసి తనే వేసి చూశారు. 2,420 వచ్చింది. మళ్లీ వేశారు. అప్పుడు లేచి బీరువాలోంచి మా ఫైలు తీశారు. ఆదాయ సర్టిఫికెట్ అందులోనే ఉంది సార్, మీరన్నట్టే. దాని మీద పిన్ను తుప్పు పట్టి కాగితం మీద మచ్చ పడింది. సిస్టమ్‌లో మాత్రం సబ్సిడీ గడిలో "లేదు" అని ఉందట. రెండు కాపీల్లో ఒకదాని మీద స్టాంపు వేసి ఇచ్చారు. రీజినల్ ఆఫీసుకు రాస్తామన్నారు, పాత సంవత్సరాల క్లెయిమ్ ఇప్పుడు పడుతుందో లేదో చెప్పలేం అన్నారు.

వడ్డీ తేడా 22 వేల చిల్లర సరిచేస్తామన్నారు. కానీ ఈఎంఐ అగ్రిమెంట్ మీద ఇవాళే సంతకం పెట్టమన్నారు, పెట్టకపోతే ఆగస్టులో అకౌంట్ ఓవర్‌డ్యూ అవుతుందట. రేపు వస్తానని చెప్పి వచ్చాను. పెట్టాలా వద్దా?

రిటైర్డ్_ఫీల్డ్_ఆఫీసర్

శభాష్. ఆ మేడమ్ మంచి మనిషి, ఆమెకు ఒక థాంక్స్ చెప్పు. రేపు పని ఆమెతోనే.

సంతకం పెట్టు, కానీ రెండు పనులు చేశాక. వడ్డీ సరిచేసిన తర్వాతి బాకీ అంకె అగ్రిమెంట్‌లో ఉండాలి, 5,44,000 ఉంటే పెట్టకు. కాలం 180 నెలలా 120 నెలలా అన్నది ఇవాళ రాత్రి నాన్నతో కూర్చుని తేల్చుకో. తర్వాత సంతకం కింద నీ చేతిరాతతో ఒక వాక్యం, "సీఎస్ఐఎస్ సబ్సిడీ విషయమై ఫలానా తేదీన ఇచ్చిన ఫిర్యాదుకు లోబడి". దీనివల్ల కొంపలేమీ మునగవు, వాళ్లు కాదనరు. కాదంటే అదే వాక్యంతో ఇంకో లెటర్ ఇచ్చి స్టాంపు వేయించుకో.

పాత క్లెయిముల మాట ఇప్పుడే తేలదు. పోర్టల్ గడువులు దాటితే బ్రాంచి చేతిలో ఉండదు, నిజమే. కానీ సర్టిఫికెట్ సకాలంలో ఇచ్చినట్టు వాళ్ల ఫైల్లోనే ఉంది కదా. సబ్సిడీ రాకపోతే అది సేవాలోపం, అంబుడ్స్‌మన్ ముందు పెట్టదగ్గ కేసు. ఆ మచ్చ పడిన కాగితాన్ని, లోన్ అప్లికేషన్ మీద ఉన్న ఇన్వర్డ్ నంబర్‌తో సహా రేపు ఫోన్‌లో ఫొటో తీసుకో, మేడమ్ గారిని అడిగే తియ్యి. స్టాంపు మీద ఉన్న తేదీ నుంచి 30 రోజులు లెక్కపెట్టు.

ఈఎంఐ తేదీ 10 ఉంది. మీ కంపెనీలో జీతం ఎన్నో తారీఖున పడుతుంది?

పేట_అమ్మాయి

7న అన్నారు సార్. కానీ మొదటి నెల ఆలస్యం కావచ్చట.

రిటైర్డ్_ఫీల్డ్_ఆఫీసర్

అయితే తేదీ 15కు మార్చమని రేపే అడుగు. మొదటి ఈఎంఐకి మాత్రం డబ్బు ముందే సేవింగ్స్‌లో వేసి ఉంచు, ఆటో డెబిట్ వెనక్కి పోతే ఛార్జీ పడుతుంది.